విదేశీ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్: గోదావరి డెల్టా విద్యార్థులు ఎక్స్ఛేంజ్‌కు ఎలా దరఖాస్తు చేసుకోవాలి

బీటెక్ లేదా డిగ్రీ చదువుతూ, మధ్యలో ఒక సెమిస్టర్ విదేశంలోని విశ్వవిద్యాలయంలో చదివి తిరిగి వచ్చి, ఇక్కడే పట్టా పుచ్చుకునే పద్ధతిని విద్యార్థి మార్పిడి అంటారు. కళాశాలల్లో అందరూ ఎక్స్ఛేంజ్ అనే పిలుస్తారు కనుక నేనూ ఆ మాటే వాడతాను. చదువు పూర్తయ్యాక ఎమ్మెస్‌కు వెళ్లడానికీ దీనికీ పోలిక తక్కువ. ఎక్స్ఛేంజ్‌లో మీరు అక్కడ ఉన్నంత కాలమూ ఇక్కడి విద్యార్థిగానే లెక్క. ఫీజు ఇక్కడే కడతారు, రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అందుచేత ఈ దరఖాస్తులో సగానికి మించిన పని మీ సొంత కళాశాల కార్యాలయంలో, మీ ఇంట్లో ఉన్న కాగితాల్లో, మీ నాన్నగారి బ్యాంకు ఖాతాలో జరుగుతుంది. వీసా చివరి మెట్టు మాత్రమే.

నేను గోదావరి జిల్లాల్లోని ఒక కళాశాలలో అధ్యాపకురాలిని. ఏటా ఈ దరఖాస్తులు చదివి, సిఫారసు ఉత్తరాలు రాసి, సంతకాలు పెడుతుంటాను. అర్హత ఉండి కూడా ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమందిని ఆపినది మార్కులో డబ్బో కాదు. ఏప్రిల్‌లో వచ్చి అడిగారు, గడువు ఫిబ్రవరిలోనే ముగిసింది. ఆ నష్టం మీకు జరగకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్‌కు వెళ్లాలనుకుంటే అంతకుముందు ఏడాది జూన్, జులైల్లోనే, అంటే సార్వా నారుమళ్లు పోసే రోజుల్లోనే, పని మొదలుపెట్టాలని ముందు మనసులో నాటుకోండి.

మొదటి పని: ఒప్పందం చూడటం

మీ కళాశాల స్వయంప్రతిపత్తి గలదా, అనుబంధ కళాశాలా అన్నది ముందు తేల్చుకోండి. కాకినాడ జేఎన్‌టీయూకు గానీ రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి గానీ అనుబంధంగా ఉన్న కళాశాలలో చదువుతుంటే పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం కాబట్టి, క్రెడిట్ల బదలాయింపుకు, అంటే అక్కడ చదివిన సబ్జెక్టులను ఇక్కడి పట్టాలో లెక్కించడానికి, ప్రిన్సిపాల్ గారి సంతకం ఒక్కటే చాలదు, విశ్వవిద్యాలయపు అకడమిక్ విభాగం ఆమోదం కూడా కావాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలోనూ, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ వంటి సంస్థలోనూ ఈ దారి కొంత దగ్గర, ఎందుకంటే పాఠ్యప్రణాళికా మండలి అక్కడే ఉంటుంది.

తర్వాత అంతర్జాతీయ సంబంధాల విభాగానికి వెళ్లండి. అలాంటి విభాగం విడిగా లేని కళాశాలల్లో ఆ ఫైళ్లు ప్రిన్సిపాల్ కార్యాలయంలోనో, శిక్షణ-ఉపాధి విభాగంలోనో ఉంటాయి. విదేశీ ప్రతినిధులతో కరచాలనం చేస్తున్న ఫొటో గోడమీద ఉన్నంత మాత్రాన విద్యార్థులను పంపే ఒప్పందం ఉన్నట్టు కాదు. చాలా ఒప్పందాలు అధ్యాపకుల రాకపోకలకో, ఉమ్మడి పరిశోధనకో పరిమితమై ఉంటాయి, మరికొన్ని గడువు తీరి అలాగే ఉండిపోతాయి. కాబట్టి ఒప్పందం ఇంకా అమల్లో ఉందా, అందులో విద్యార్థుల మార్పిడి ఉందా, మీ బ్రాంచికి వర్తిస్తుందా, ఏటా ఎన్ని సీట్లు, ట్యూషన్ ఫీజు మాఫీ అని స్పష్టంగా రాసి ఉందా అని అడిగి, వీలైతే ఆ ప్రతి చూపించమని మర్యాదగా కోరండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

ఒప్పందం లేదని తేలితే అక్కడితో ఆగనక్కరలేదు, కానీ ఏ దారికి ఏది కావాలో తెలుసుకుని నడవాలి. ఐరోపా సమాఖ్య నడిపే ఎరాస్మస్ ప్లస్ సెమిస్టర్ మార్పిడికి కూడా రెండు సంస్థల మధ్య ఒప్పందం తప్పనిసరి. ఆ ఒప్పందం కింద ఎంపికైన విద్యార్థికి వెళ్లే దేశాన్నిబట్టి నెలకు 800 నుంచి 900 యూరోల సహాయం, ప్రయాణ ఖర్చులకు విడిగా కొంత మొత్తం ఇస్తారు. జపాన్ విశ్వవిద్యాలయాలతో ఒప్పందం ఉన్నచోట అక్కడి విద్యార్థి సేవల సంస్థ జాసో వారి ఉపకారవేతనం నెలకు 80,000 యెన్‌లు లభించే అవకాశం ఉంది. సంస్థల ఒప్పందం లేకుండా విద్యార్థి తానే దరఖాస్తు చేసుకోదగిన వాటిలో కెనడాకు చెందిన మైటాక్స్ గ్లోబలింక్ ఒకటి. అది సెమిస్టర్ చదువు కాదు గానీ 12 వారాల పాటు అక్కడి ఆచార్యుని దగ్గర పరిశోధనలో పాల్గొనే అవకాశం, పైగా సెలవుల్లో వస్తుంది కాబట్టి క్రెడిట్ల చిక్కు ఉండదు.

ఎక్స్ఛేంజ్‌కు మీ పేరు పంపవలసింది మీ విశ్వవిద్యాలయమే తప్ప బయటి కన్సల్టెన్సీ కాదు. నామినేషన్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

సబ్జెక్టుల పట్టిక: అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం

అక్కడ చదివిన సబ్జెక్టులను ఇక్కడ గుర్తించకపోతే మీరు తిరిగి వచ్చి ఆ సెమిస్టర్ పరీక్షలన్నీ మళ్లీ రాయవలసి వస్తుంది. ఆ ముప్పును తప్పించేది లెర్నింగ్ అగ్రిమెంట్ అనే కాగితం. అక్కడ మీరు చదవబోయే ప్రతి సబ్జెక్టుకూ ఎదురుగా ఇక్కడ దానికి బదులుగా లెక్కించే సబ్జెక్టు పేరు రాసి, మీరూ, మీ విభాగాధిపతీ, అక్కడి సమన్వయకర్తా ముగ్గురూ సంతకం చేయాలి.

ఈ పట్టిక వేయాలంటే క్రెడిట్ల లెక్క అర్థం కావాలి. ఐరోపాలో ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్ల పద్ధతి ప్రకారం ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ అంటే తరగతి, ఇంటి చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ. మన బీటెక్‌లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018 నమూనా ప్రకారం నాలుగేళ్లకు 160 క్రెడిట్లు, అంటే సగటున సెమిస్టర్‌కు 20. కనుక మన రెండు క్రెడిట్లు వారి మూడింటికి సమానమని స్థూలంగా అనుకుని లెక్క మొదలుపెట్టవచ్చు. మన మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు అక్కడి నాలుగున్నర, అంటే వాడుకలో అయిదు ఈసీటీఎస్‌ల సబ్జెక్టు జోడీ అవుతుంది. అక్కడి సబ్జెక్టుల జాబితా, సిలబస్ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో బహిరంగంగానే ఉంటాయి. వాటిని ప్రింటు తీసి, మన సిలబస్ పుస్తకంలోని యూనిట్ల పక్కన పెట్టి, ఏ యూనిట్ దేనికి సరిపోతుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పేరు ఒకటే ఉన్నంత మాత్రాన సిలబస్ ఒకటి కాదు. పేరు వేరైనా అయిదింట నాలుగు యూనిట్లు కలిసిన సబ్జెక్టులు ఎన్నో ఉంటాయి. ఆ పెన్సిలు గుర్తులున్న కాగితాలతోనే విభాగాధిపతి దగ్గరికి వెళ్లండి. ‘సార్, నాకు ఎక్స్ఛేంజ్‌కు వెళ్లాలని ఉంది’ అని వట్టి చేతులతో వచ్చిన విద్యార్థికీ, పట్టిక వేసుకుని వచ్చిన విద్యార్థికీ దొరికే జవాబు ఒకలా ఉండదు. రెండో విద్యార్థికి నేను ఆ రోజే సమయం ఇస్తాను.

ఒకటి రెండు సబ్జెక్టులకు జోడీ దొరకకపోవడం మామూలే. అలాంటప్పుడు ఆ సబ్జెక్టును మరో సెమిస్టర్‌కు జరపవచ్చా, కేంద్ర ప్రభుత్వపు ‘స్వయం’ కోర్సుల వేదికలో ఆన్‌లైన్‌గా పూర్తి చేయవచ్చా అని అడిగి, వచ్చిన జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద వెళ్లవద్దు, ఎందుకంటే మీరు తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో మరొకరు ఉండవచ్చు. అలాగే అక్కడ అనుకున్న సబ్జెక్టు ఆ ఏడాది చెప్పకపోవచ్చు కనుక, కావలసినదానికన్నా రెండు సబ్జెక్టులు ఎక్కువే ఆమోదం తీసుకుని పెట్టుకోండి.

ఏ సెమిస్టర్‌లో వెళ్లాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం అయిదు లేదా ఆరు అని. అంతకు ముందైతే పునాది సబ్జెక్టులు మిగిలి ఉంటాయి, ఏడులోనైతే ప్రాంగణ నియామకాలు పోతాయి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే కళాశాల స్థాయిలోనే వడపోత జరుగుతుంది కాబట్టి వాటిని ముందు పూర్తి చేసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారు మరో మాట గుర్తుంచుకోవాలి. ఆ పథకం 75 శాతం హాజరుతో ముడిపడి ఉంది కనుక, మీరు విదేశంలో ఉన్న నెలల హాజరును ఎలా నమోదు చేస్తారో కళాశాల కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగండి.

పేరు, పాస్‌పోర్టు

ఇది చిన్న విషయంలా కనిపించి చివరి నెలలో అందరినీ ఏడిపించే విషయం. మన జిల్లాల్లో వెంకట, సత్య, నాగ, లక్ష్మి, దుర్గ అంటూ మూడు నాలుగు పదాలు కలిపి పేరు పెట్టడం, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ముందు రాయడం అలవాటు. బడిలో చేరినప్పుడు ఒకరు, ఆధార్ తీసినప్పుడు మరొకరు తమకు తోచినట్టు రాస్తారు.

రెండేళ్ల క్రితం అమలాపురం దగ్గరి పల్లెనుంచి ఒక విద్యార్థి తండ్రి నా దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు తీసి బల్లమీద వరుసగా పరిచారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ముందు ఉంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, పేరు చివర ఉంది. ఇంటర్ మెమోలో ‘లక్ష్మి’ అన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తక్కువ. ‘ఆయ్, ఇంటిపేరు మాదేనండి మేడం గారూ, ఒకచోట పొడుగ్గా రాసేరు, ఒకచోట పొట్టిగా రాసేరు, అంతేనండి’ అన్నారాయన. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ కాగితాలు చూసే విదేశీ అధికారికి అవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్లు. వాటిని సరిచేయించడానికి ఆ కుటుంబానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది, ఈలోగా ఆ ఏటి గడువు దాటిపోయింది.

కనుక ఈ రోజే మీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి ఇంగ్లీషులో ఒక్కో అక్షరమూ సరిపోల్చండి. పదో తరగతి మెమోను మూలంగా పట్టుకుని మిగిలినవాటిని దానికి అనుగుణంగా మార్పించడం తేలిక. మెమోనే మార్చాలంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా పరీక్షల విభాగం దాకా వెళ్లాలి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటే పాస్‌పోర్టులో దానిని పూర్తిగా రాయించుకుని, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఖాళీగా వదలవద్దు. అలా వదిలితే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అనే మూడక్షరాలు పడతాయి, అక్కడి ప్రతి కార్యాలయంలోనూ అదే మీ పేరు అవుతుంది.

పాస్‌పోర్టు కోసం ఇప్పుడు విశాఖపట్నమో విజయవాడో వెళ్లనక్కరలేదు, భీమవరంలో పాస్‌పోర్టు సేవా లఘు కేంద్రం ఉంది. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు రుసుము రూ. 1,500, తత్కాల్ అయితే అదనంగా రూ. 2,000. చిన్నతనంలో తీసిన పాస్‌పోర్టు అయిదేళ్లకో, పద్దెనిమిదేళ్లు నిండేసరికో ముగిసిపోతుంది, తేదీ చూసుకోండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి. పోలీసు విచారణకు వచ్చిన రోజు మీరు హాస్టల్లో, కాగితాలు ఇంట్లో ఉండిపోకుండా, దరఖాస్తులో రాసే చిరునామా ఏదన్నది ముందే ఇంట్లోవారితో మాట్లాడి నిర్ణయించుకోండి.

డబ్బు లెక్క, పంట లెక్క

ట్యూషన్ ఫీజు లేకపోయినా ఇల్లు, తిండి, ప్రయాణం, బీమా, వీసా ఖర్చులు మీవే. జర్మనీ ఉదాహరణ తీసుకుంటే, అక్కడ విద్యార్థి బతకడానికి నెలకు 992 యూరోలు కావాలని 2024 నుంచి ప్రభుత్వం నిర్ణయించింది, ఆ మొత్తాన్ని ముందుగానే బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలనెలా కొంతే తీసుకోగల ఖాతాలో, వేసి చూపించమంటుంది. అయిదు నెలలకు 4,960 యూరోలు. యూరోకు వంద రూపాయల చొప్పున వేసుకున్నా సుమారు అయిదు లక్షలు. విమాన టికెట్టు, ఇతర ఖర్చులు దీనికి అదనం. ఉపకారవేతనం వస్తే ఈ భారం చాలావరకు తగ్గుతుంది, కానీ అది చేతికందేది సాధారణంగా అక్కడికి చేరాక కాబట్టి మొదటి నెల ఖర్చు మీ దగ్గర ఉండాలి.

మన ప్రాంతంలో ఈ మెట్టు దగ్గర ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఉద్యోగస్థుల ఇళ్లలో నెలనెలా జీతం ఖాతాలో పడుతుంది, రైతు ఇంట్లో అలా పడదు. సార్వా ధాన్యం డబ్బు డిసెంబరు, జనవరిల్లో వస్తుంది, దాళ్వా డబ్బు మే నెలలో వస్తుంది, మధ్యలో ఖాతా ఖాళీగా కనిపిస్తుంది. చేపలు, రొయ్యల చెరువులు ఉన్నవారికి పట్టుబడి నాడు ఒక్కసారిగా పెద్ద మొత్తం పడుతుంది. కొబ్బరి దింపుల డబ్బును వ్యాపారి నగదుగా ఇచ్చేస్తే అది బ్యాంకు కంట పడదు. వీసా అధికారి ఆరు నెలల స్టేట్‌మెంటు చూసేటప్పుడు, దరఖాస్తుకు వారం ముందు వచ్చిపడిన పెద్ద మొత్తాన్ని అనుమానంగా చూస్తాడు. అందుకని ఇంటి పెద్దలతో కూర్చుని ఏడాది ముందే ఈ ఏర్పాటు చేయించండి: సార్వా ధాన్యం డబ్బు వచ్చినప్పుడే ప్రయాణానికి కావలసిన మొత్తంలో సగమైనా ఫిక్సెడ్ డిపాజిట్ చేయించడం, కొబ్బరి వ్యాపారిని, అది అంబాజీపేట కొట్టయినా సరే, డబ్బు ఖాతాకే పంపమనడం, ప్రతి అమ్మకానికీ రసీదు దాచడం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు ఉండకపోవచ్చు. దానికి బదులు తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌పుస్తకం, 1బీ, అడంగల్ అనే భూమి రికార్డుల ప్రతులు, ధాన్యం అమ్మిన రసీదులు జతచేసి, ఈ డబ్బు ఏ పంటది, ఎప్పుడు వచ్చిందో వివరిస్తూ ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాసి తండ్రిగారిచేత సంతకం చేయించండి. ఆ ఒక్క పేజీ ఎన్నో ప్రశ్నలకు ముందే జవాబు చెబుతుంది.

కొద్దిరోజులు ఖాతాలో డబ్బు వేసి చూపించి, వీసా అయ్యాక వడ్డీతో తీసుకునేవారు ఊరూరా ఉన్నారు. వారి దగ్గరికి వెళ్లకండి. అబద్ధపు కాగితం బయటపడితే ఆ తిరస్కరణ మీ పేరుమీద ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, తర్వాత ఎమ్మెస్‌కు వెళ్లాలన్నా అడ్డు వస్తుంది.

ఉద్దేశ ఉత్తరం రాయడం

ఎంపిక సంఘాలు మార్కుల తర్వాత ఎక్కువగా చూసేది ఈ ఉత్తరమే. ‘చిన్నప్పటి నుంచీ నాకు సాంకేతిక రంగమంటే ఎంతో మక్కువ’ అని మొదలయ్యే ఉత్తరాలు ఏటా నా బల్లమీద డజన్లకొద్దీ పడతాయి. వాటిలో ఏ ఒక్కటీ రాసినవారిని నాకు పరిచయం చేయదు. ఇంటర్నెట్‌లోంచీ కృత్రిమ మేధ పరికరాలనుంచీ తీసుకున్న ఉత్తరాలదీ అదే స్థితి, చదివేవారు ఇట్టే పసిగట్టేస్తారు.

భీమవరం పక్క పల్లెనుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని ఒకరు మొదట అలాంటి ఉత్తరమే తెచ్చారు. మీ ఇంట్లో ఏం చేస్తారమ్మా అని అడిగితే, రెండు రొయ్యల చెరువులున్నాయని, నాన్నగారు తెల్లవారుజామున మూడున్నరకే లేచి టార్చిలైటు పట్టుకుని గట్టుమీద తిరుగుతారని చెప్పింది. ఎందుకని అడిగాను. రాత్రంతా మొక్కలు, జీవులు ఊపిరి పీల్చుకోవడం వల్ల నీటిలో ఆక్సిజన్ తెల్లవారే ముందు అతి తక్కువకు పడిపోతుందని, అప్పుడు రొయ్యలు పైకి తేలుతాయని, వెంటనే ఏరియేటర్లు వేయకపోతే చెరువు మొత్తం పోతుందని, అందుకోసం తాను మూడో సెమిస్టర్‌లో ఆక్సిజన్ కొలిచి ఫోనుకు సందేశం పంపే చిన్న పరికరం కట్టానని, కానీ సెన్సరుకు నాచు పట్టేసి పది రోజులకే తప్పుడు అంకెలు చూపించిందని చెప్పింది. ఉత్తరం అదే అని చెప్పాను. ఆమె తిరగరాసిన దానిలో మొదటి వాక్యం టార్చిలైటుతో మొదలైంది, రెండో పేరాలో సెన్సరు ఎందుకు విఫలమైందో ఉంది, మూడో పేరాలో ఆతిథ్య విశ్వవిద్యాలయంలో నీటి నాణ్యత సెన్సర్లపై ఉన్న ఒక సబ్జెక్టు పేరు, అది ఆ లోపాన్ని సరిదిద్దడానికి ఎలా పనికొస్తుందో ఉంది. ఎంపికైంది.

మీకు చెరువు లేకపోవచ్చు. కొబ్బరి పీచు మిల్లో, నరసాపురం లేసు పనో, లంక గ్రామపు పంటు రేవో ఉండవచ్చు. మీ కళ్లతో చూసిన ఒక సమస్య, దానికి మీరు చేసిన ప్రయత్నం, ఆ విశ్వవిద్యాలయంలోనే దొరికే సబ్జెక్టు లేదా ప్రయోగశాల, తిరిగి వచ్చి ఇక్కడ ఏం చేస్తారన్నది, ఈ నాలుగూ ఒకటిన్నర పేజీలో చెప్పండి. తెలుగులో ముందు రాసుకుని ఆలోచన తేటపడ్డాక ఇంగ్లీషులో రాస్తే మంచిదని నా అనుభవం. లేని అనుభవాన్ని కల్పించవద్దు, ఇంటర్వ్యూలో దానిపైనే ప్రశ్న వస్తుంది.

సిఫారసు ఉత్తరం అడగడానికి గడువుకు మూడు వారాల ముందే రండి. మా ప్రయోగశాలలో మీరు చేసిన పని, మీ మార్కులు, మీ ఉద్దేశ ఉత్తరం మాకు ఇవ్వండి. మీ గురించి మూడు నిర్దిష్టమైన విషయాలు రాయగల అధ్యాపకులను ఎంచుకోండి, వారి హోదా పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి మాట.

ఇంగ్లీషు పరీక్ష విషయం త్వరగా చెప్పేస్తాను. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండింటి స్కోరూ రెండేళ్లు చెల్లుతుంది. చాలా ఎక్స్ఛేంజ్ ఒప్పందాల్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే ధ్రువపత్రాన్నే అంగీకరిస్తారు కనుక, వేలకు వేలు కట్టే ముందు ఆతిథ్య విశ్వవిద్యాలయాన్ని ఈమెయిల్‌లో అడగండి.

నామినేషన్ నుంచి వీసా దాకా

జనవరి, ఫిబ్రవరిల్లో కళాశాల స్థాయి ఎంపిక జరుగుతుంది. ఎంపికైనవారి పేర్లను కార్యాలయం విదేశీ విశ్వవిద్యాలయానికి పంపుతుంది, దీన్నే నామినేషన్ అంటారు. ఆ తర్వాతే ఆతిథ్య విశ్వవిద్యాలయం మీకు ఆన్‌లైన్ దరఖాస్తు లింకు పంపుతుంది. ఈ రోజుల్లో ఈమెయిల్‌ను ప్రతి ఉదయమూ, స్పామ్ పెట్టెతో సహా చూడండి. అక్కడినుంచి వచ్చే లింకులకు గడువు ఒక్కోసారి పది రోజులే ఉంటుంది. హాస్టల్ గదికి విడిగా దరఖాస్తు ఉంటుంది, అది మొదట వచ్చినవారికే దక్కుతుంది కాబట్టి ప్రవేశపత్రం కోసం వేచి ఉండకుండా అనుమతి ఉన్న రోజే పెట్టేయండి.

ప్రవేశపత్రం చేతికి రాగానే వీసా పని మొదలుపెట్టాలి. షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే స్వల్పకాలిక వీసా చెల్లే ఐరోపా దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండాలంటే పర్యాటక తరహా వీసా చెల్లదు, ఆ దేశపు దీర్ఘకాలిక వీసా తీసుకోవాలి. స్వల్పకాలిక షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. జపాన్‌కైతే అక్కడి విశ్వవిద్యాలయం అర్హతా ధ్రువపత్రం తెప్పించి పంపాలి, అది వచ్చాకే వీసా. అమెరికాకు వెళ్లే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఇచ్చేది జే-1 వీసా. దానికి ఆతిథ్య సంస్థ డీఎస్-2019 అనే అర్హతా పత్రం పంపుతుంది, మీరు 220 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము కట్టి, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి, హైదరాబాద్‌లోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరవ్వాలి. జే-1 తీసుకునేవారిలో కొందరికి తిరిగి వచ్చాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది. వీసాలోనూ డీఎస్-2019లోనూ అది రాసి ఉంటుంది, చదివి చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉదయం పూట ఇంటర్వ్యూ ఉంటే, రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు గానీ, నేనైతే ముందురోజే వెళ్లి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో బస చేయమంటాను. రైలు రెండు గంటలు ఆలస్యమైతే మూడు నెలలు వేచి దొరికించుకున్న స్లాట్ పోతుంది. ఇంటర్వ్యూలో ఎక్కువసార్లు అడిగేవి మూడే ప్రశ్నలు: ఏం చదువుతారు, ఖర్చు ఎవరు భరిస్తారు, తిరిగి వస్తారా. మూడో ప్రశ్నకు మీ దగ్గరున్న బలమైన జవాబు లెర్నింగ్ అగ్రిమెంటే. మిగిలిన సెమిస్టర్లు ఇక్కడ పూర్తి చేస్తేనే పట్టా వస్తుందని అది స్వయంగా చెబుతుంది.

కాగితాలను భద్రపరచడం గురించి లంక గ్రామాల పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వీసా పనులు జరిగే జులై, ఆగస్టు నెలలే గోదావరికి వరదలొచ్చే నెలలు. 2022 జులైలో వచ్చిన వరదలో లంకల్లోని ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అసలు ధ్రువపత్రాలను జూన్‌లోనే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఏటిగట్టుకు ఇవతలనున్న బంధువుల ఇంట్లో ఉంచండి. అన్నిటినీ స్కాన్ చేసి డిజిలాకర్‌లోనూ, ఈమెయిల్‌లోనూ పెట్టుకోండి. తడిసి అక్షరాలు అలుక్కుపోయిన మెమోకు నకలు తెచ్చుకోవడానికి పట్టే కాలం వీసా గడువుకన్నా ఎక్కువ.

బయలుదేరేముందు కళాశాలనుంచి మూడు కాగితాలు తప్పక తీసుకోండి: సెమిస్టర్ కాలానికి అనుమతి ఉత్తర్వు, ఆమోదించిన సబ్జెక్టుల పట్టిక, ఇప్పటివరకు వచ్చిన మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్. అక్కడికి చేరిన మొదటి రెండు వారాల్లో సబ్జెక్టులు మార్చుకునే వీలుంటుంది. మార్చుకుంటే ఆ రోజే మీ విభాగాధిపతికి ఈమెయిల్ రాసి, సవరించిన పట్టికపై మళ్లీ సంతకాలు చేయించండి. ఈ ఒక్క పని మరిచిపోయి, చక్కగా చదివి వచ్చిన విద్యార్థులు కూడా రెండు సబ్జెక్టుల క్రెడిట్లు పోగొట్టుకోవడం చూశాను. అక్కడ ప్రతి సబ్జెక్టు సిలబస్‌నూ, అప్పగింతలనూ దాచి ఉంచండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగానికి వెళ్లి, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పుడు, ఎవరి పేరుమీద పంపుతారో అడిగి, దాని ప్రతి ఒకటి మీకు, మరొకటి నేరుగా మీ కళాశాల అకడమిక్ విభాగానికి వచ్చేలా అక్కడే చిరునామా రాసి ఇచ్చి రండి.